సమానత్వం సరే, ఫెమినిజం వద్దు అనేవాళ్లకి ఏం చెప్పాలి?

మా అన్నయ్యతో వాదన తెగట్లేదు. "ఆడ, మగ సమానమే, నేనెప్పుడు కాదన్నాను? ఈ ఫెమినిజమే అతి" అంటాడు. తాతల నాటి పొలం పంపకాల మాట రాగానే మాత్రం "నీకు కట్నం ఇచ్చాం కదా, సంతకం పెట్టేయ్" అంటాడు. అమ్మ కూడా వాడికే వత్తాసు!

రాజ్యాంగంలో సమానత్వం 1950 నుంచే ఉంది. అయినా ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో పాటు పుట్టుకతోనే వాటా ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో చట్టం మారాకే వచ్చింది, అదీ 1985 సెప్టెంబరుకి ముందు పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. దేశమంతటా 2005లో వచ్చింది. తండ్రి అప్పటికే చనిపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఆడవాళ్లు పట్టుబట్టి అడగకపోతే ఇవన్నీ వాటంతటవే జరిగేవా? నా దృష్టిలో సమానత్వం గమ్యం, ఫెమినిజం దాని కోసం చేసే పోరు.

ఇది చెబితే "మరి మగాళ్ల కష్టాల సంగతేంటి?" అంటాడు. ప్రశ్న అన్యాయమైనదేం కాదు, కానీ నాకు జవాబు తట్టడం లేదు. మీరైతే ఏమంటారు? ముఖ్యంగా ఒకప్పుడు అన్నయ్యలాగే ఆలోచించి తర్వాత మారిన మగవాళ్లు ఉంటే, మిమ్మల్ని ఏది మార్చిందో చెప్పండి. లీగల్ సలహా అక్కర్లేదు, లాయర్‌ని కలిశాను.