ఇంగ్లిష్ రివిజన్: గ్రామర్, ఫిగర్స్ ఆఫ్ స్పీచ్, నవల మూడూ ఎలా చదవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. వచ్చే నెలలో ఇంగ్లిష్ ఫైనల్ పరీక్ష. గ్రామర్‌కి ఒకటి, ఫిగర్స్ ఆఫ్ స్పీచ్‌కి ఒకటి, నవలకి ఒకటి నోట్‌బుక్ పెట్టుకున్నాను. డెఫినిషన్లన్నీ నోటికి వచ్చు. కానీ పాసేజ్ ఇచ్చి గుర్తుపట్టమంటే చేతులెత్తేస్తున్నాను. మొన్న టెస్టులో ‘యాజ్ ఐ ఓపెన్డ్ ద డోర్, ద క్యాట్ రాన్ అవుట్’ అన్న వాక్యంలో ‘యాజ్’ ఉంది కదా అని సిమిలీ అని రాశాను. మార్కు పోయింది. ఎక్కడ తప్పుతున్నానో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (ఇంగ్లిష్ టీచర్‌ని):
కంగారు పడకమ్మా. మూడింటినీ విడదీసి చదవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నీ వాక్యంలో ‘యాజ్’ దేన్నీ పోల్చడం లేదు, తలుపు తీస్తుండగా అని సమయం చెబుతోంది. అది గ్రామర్‌లో నువ్వు చదివిన కంజంక్షనే. తెలుగులో ఉపమాలంకారానికి పెట్టే పరీక్షే ఇక్కడా పెట్టు: ఉపమేయం ఏది, ఉపమానం ఏది? రెండూ దొరక్కపోతే సిమిలీ కాదు.

నేను క్లాసులో రివిజన్‌ని ఒకే ఒక్క వాక్యంతో మొదలుపెడతాను. చార్లెస్ డికెన్స్ 1859లో రాసిన ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ మొదటి వాక్యం: ‘ఇట్ వాజ్ ద బెస్ట్ ఆఫ్ టైమ్స్, ఇట్ వాజ్ ద వర్స్ట్ ఆఫ్ టైమ్స్...’ పెన్సిల్‌తో ‘ఇట్ వాజ్’ కింద గీతలు గీసుకుంటూ వెళ్లు. పది వస్తాయి. అలా ఒకే మాటతో మళ్లీ మళ్లీ మొదలవడమే అనాఫరా. బెస్ట్ పక్కన వర్స్ట్, వెలుగు పక్కన చీకటి, అది యాంటిథెసిస్. ఇక వాటిని కలిపినవేమిటో చూడు, ఒట్టి కామాలు! నీ వ్యాసంలో అలా రాస్తే కామా స్ప్లైస్ (రెండు పూర్తి వాక్యాల్ని ఒట్టి కామాతో కలిపే తప్పు) అని నేనే ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. ఆయన అక్కడ ఫుల్‌స్టాప్‌లు పెట్టి ఉంటే మాత్రం ఆ ఉరవడి ఆగిపోయేది. గట్టిగా చదివి చూడు, చెవికే తెలుస్తుంది. కథ కూడా లండన్, పారిస్ మధ్య, ఫ్రెంచ్ విప్లవం చుట్టూ నడుస్తుంది కాబట్టి ఆ జంటలు ఊరికే పెట్టినవి కావు.

జవాబు 2:
మేడమ్ చెప్పింది నిజం. కానీ సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్‌కి విడిగా ప్రాక్టీస్ తప్పదు. ‘ద లిస్ట్ ఆఫ్ బుక్స్’ తర్వాత నేను చాలాకాలం ‘ఆర్’ రాశాను. ‘ఆఫ్ బుక్స్’ మీద వేలు పెట్టి మూసేసి చదువు. మిగిలేది ‘లిస్ట్’ ఒక్కటే, కాబట్టి ‘ఈజ్’.

ప్రశ్న అడిగినవారు:
మేడమ్, ఇప్పుడే గట్టిగా చదివాను. పదీ దొరికాయండి! ‘స్ప్రింగ్ ఆఫ్ హోప్’ దగ్గర ఆగాను. ‘లైక్’ లేదు, ‘యాజ్’ లేదు, ఆశనే వసంతం అంటున్నారు. మెటఫరే కదా?

జవాబు 1:
మెటఫరే, మన రూపకం. దాని పక్కనే ‘వింటర్ ఆఫ్ డిస్పెయిర్’ ఉంది చూడు. ఆ రెండూ కలిపి చదివితే ఇంకేం కనిపిస్తున్నాయో రాసి పెట్టమ్మా, సాయంత్రం చూస్తాను.