ప్రధాన సంఖ్యలకు అంతు లేదని పదో తరగతి పిల్లల్ని ఎలా ఒప్పించాలి?

లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉంటే కాస్త సలహా ఇవ్వండి. మాది తెలుగు మీడియం. √2 కరణీయ సంఖ్య అని నిరూపించాక, ఆ ఊపులోనే ప్రధాన సంఖ్యలకు అంతు లేదని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఇచ్చిన నిరూపణ కూడా చెబుతుంటాను (సిలబస్ కోసం కాదు, చెప్పాలనిపించి). జాబితాలోని ప్రధాన సంఖ్యలన్నీ గుణించి ఒకటి కలపడం (అప్పుడు వాటిలో దేనితో భాగించినా 1 మిగులుతుంది) వరకు బాగానే వస్తున్నారు. 2×3+1=7, 2×3×5+1=31, ఆపైన 211, 2311. అన్నీ ప్రధాన సంఖ్యలే కావడంతో "ఎప్పుడూ ఇంతే సార్" అని తేల్చేస్తున్నారు. 13 దాకా గుణిస్తే 30031 వస్తుంది, అది 59×509. బోర్డు మీద అది వేయగానే "అయితే నిరూపణ తప్పే కదా" అంటున్నారు! 59, 509 మన జాబితాలో లేవు, మనకు కావలసింది అదేరా అన్నా అనుమానం తీరడం లేదు.

"పరిమితమే అనుకుందాం" అని మొదలుపెట్టడంలోనే చిక్కుందేమో. యూక్లిడ్ అయితే మూడు ప్రధాన సంఖ్యలు తీసుకుని, వాటిలో లేనిది ఇంకొకటి ఉందని చూపాడు. నేనూ విరోధాభాసం (ముందు తప్పునే నిజమనుకుని, అది పొసగదని తేల్చడం) ఊసెత్తకుండా, "ఏ జాబితా అయినా ఇవ్వండి, అందులో లేనిది చూపిస్తా" అని పందెంలా నడిపితే? 2, 7 ఇస్తే 15 వస్తుంది, అందులోంచి 3, 5 దొరుకుతాయి. ఇలా చెప్పినవాళ్లున్నారా? తర్వాత నిరూపణను సొంతంగా రాయమంటే పిల్లలు రాయగలిగారా?