ఈస్ట్‌లో ఎంసీఎం ఉండగా ఇంకో రెండు హెలికేజ్‌లు ఎందుకు?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫస్ట్ ఇయర్ అండి. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు పోగులు విప్పడానికి ఎంసీఎం అనే హెలికేజ్ (పోగులు విప్పే ఎంజైమ్) ఉంది కదా, మరి బేకర్స్ ఈస్ట్‌లో ఆర్‌ఆర్‌ఎం3, పిఫ్1 అనే ఇంకో రెండు హెలికేజ్‌లు ఎందుకు? ఆర్‌ఆర్‌ఎం3 జీన్ తీసేసినా ఈస్ట్ బతుకుతుందట, అంత ఇంపార్టెంట్ ఎలా అయింది?

జవాబు 1: బతుకుతుంది గానీ అవస్థ పడుతూ బతుకుతుందండీ. ఫోర్క్, అంటే పోగులు విడిపోతూ కాపీ జరిగే చోటు, వెళ్లే దారి ఖాళీగా ఉండదు, అమైనో ఆమ్లాలు మోసే టీఆర్‌ఎన్‌ఏల జీన్లే 270కి పైన ఉన్నాయి, వాటి మీద ప్రోటీన్లు గట్టిగా అతుక్కుని కూర్చుంటాయి, ఆర్‌ఆర్‌ఎం3 ఫోర్క్‌తో పాటే వెళ్తూ వాటిని దాటిస్తుంది. అది లేకపోతే వెయ్యికి పైగా చోట్ల ఫోర్క్ తడబడుతుందని అంచనా. అన్నిటికన్నా 12వ క్రోమోజోమ్ మీది ఆర్‌డీఎన్‌ఏ (రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జీన్లుండే చోటు) చూడండి, ఒకేలాంటి కాపీలు 150 దాకా వరసగా ఉంటాయి, అక్కడ ఫోర్క్ ఆగి డీఎన్‌ఏ తెగిందంటే కాపీల మధ్య రీకాంబినేషన్ (డీఎన్‌ఏ ముక్కల మార్పిడి) జరిగి కొన్ని రింగుల్లా ఊడి బయటికొచ్చేస్తాయి. నాకైతే ఇది చదివాకే జీనోమ్ స్టెబిలిటీ (డీఎన్‌ఏ మొత్తం చెక్కుచెదరకుండా ఉండటం) అంటే ఏంటో నిజంగా అర్థమైంది.

జవాబు 2: పిఫ్1 గురించి కూడా చెప్పాలి. గ్వానిన్‌లు ఎక్కువున్న చోట డీఎన్‌ఏ మడతపడి జీ-క్వాడ్రుప్లెక్స్ అనే ముడి పడుతుంది, దాన్ని విప్పేది ఇదే. క్రోమోజోమ్ చివర్లని పొడిగించే ఎంజైమ్ టెలోమెరేజ్‌ని ఆ చివర్ల నుంచి ఊడదీస్తుంది కూడా, అందుకే పిఫ్1 లేని ఈస్ట్‌లో టెలోమియర్లు, అంటే ఆ చివర్లు, పొడుగవుతాయి. ఇంకోటి, ఎంసీఎం పోగు 3′ చివర నుంచి 5′ చివర వైపు నడుస్తుంది, ఈ రెండూ 5′ నుంచి 3′ వైపు, అంటే ఎదుటి పోగు మీద.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, మరి ఈ రెండూ ఉన్న పిఫ్1 ఫ్యామిలీలో హెలికేజ్ ఒక్కటే ఉన్న జీవి అయితే?

జవాబు 1: ఫిషన్ ఈస్ట్‌లో (రెండుగా చీలి పెరిగే వేరే ఈస్ట్) పీఎఫ్‌హెచ్1 ఒక్కటే ఉంది, అది తీసేస్తే కణం బతకదు.