సూపర్ 8 బొమ్మ మసకగా పడుతోంది, తప్పు బల్బుదా రీలుదా?

గంటస్తంభం (విజయనగరం): పెదనాన్న తీసిన సూపర్ 8 (ఇళ్లలో తీసుకునే 8 మి.మీ. సినిమా ఫిల్ము) రీళ్లు అటక మీద దొరికాయి. ప్రొజెక్టర్ తిరుగుతోంది. పెళ్లి రీలు శుభ్రంగా పడింది. సిరిమానోత్సవం రీలు పెడితే నల్లటి జనం, వాళ్ల మీద ఇంకా నల్లటి మాను. బల్బు 12 వోల్టులు, 100 వాట్లు. 150 వాట్లది పెట్టేయొచ్చా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం): వద్దు బాబూ. ఆ 150 వాట్లది 15 వోల్టుల బల్బు. మీ ప్రొజెక్టర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 12 ఇస్తే ఇప్పటికంటే ఎర్రగా, మసకగా వెలుగుతుంది. అయినా అదే బల్బుతో పెళ్లి బాగా పడిందన్నారుగా, ఇక బల్బునెందుకు అనడం? ఇది రివర్సల్ ఫిల్ము. కెమెరాలో తిరిగిన ముక్కనే కడిగి చూస్తాం. పొద్దు వాలాక తీస్తే వెలుతురు చాలక ఫిల్ము నల్లగా, దట్టంగా వస్తుంది. సాంద్రత (ఫిల్ము ఎంత నలుపో చెప్పే కొలత) 0.3 పెరిగితే చాలు, తెర మీదికి సగం వెలుతురే చేరుతుంది.

పలాస జీడి: మా ఇంట్లో కరెంటే దొంగ. రాత్రి ఏడింటికి 190 వోల్టులు. 230 మీద నడిచేదానికి అది ఇస్తే వెలుతురు ఇంచుమించు సగానికి పడిపోతుంది. స్టెబిలైజర్ పెట్టాను. అన్నట్టు, హాలోజన్ బల్బుని ఉత్త వేళ్లతో ముట్టుకోకండి. జిడ్డు అంటిన చోట గాజు పాడవుతుంది.

బొబ్బిలి మాస్టారు: ముందు బొమ్మ చిన్నది చేసి చూడండి. ఐదడుగుల వెడల్పుని రెండున్నరకి తెస్తే వెలుతురు నాలుగింతలవుతుంది, పైసా ఖర్చు లేదు. ఇంకో మాట, నల్ల రీలుని మధ్యలో ఆపకండి. దట్టమైన ఫిల్ము వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది. నేను మా చెల్లి ముఖం సరిగ్గా చూద్దామని ఆపాను. చెంప దగ్గర చిన్న బుడగ లేచింది, చూస్తుండగానే ముఖమంతా గోధుమరంగైపోయింది. ఆ పిల్ల ఐదేళ్లప్పటి బొమ్మ అదొక్కటే. ఇప్పటికీ దెప్పుతుంది.

పలాస జీడి: అయ్యో మాస్టారూ!

గంటస్తంభం: మాస్టారు చెప్పినట్టే చేశాను. కిటికీలకి దుప్పట్లు కట్టి, దుప్పటి తెర తీసేసి, తెల్ల డ్రాయింగు షీటు మీద రెండడుగుల బొమ్మ వేశాను. మాను చివర కూర్చున్న పూజారి కనబడ్డారు. కింద జనంలో ఒకాయన భుజం మీద పిల్లాడు. అది నువ్వేరా అంటోంది అమ్మ.