"ఐ సెంట్" అనాలా, "ఐ హావ్ సెంట్" అనాలా? మీరెలా తేల్చుకుంటున్నారు?

రెండో బెంచీ:
నిన్న మా టీమ్ లీడ్ నా మెయిల్లో తప్పు పట్టారు. నేను రాసింది "ఐ హావ్ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే". హావ్ తీసేయమన్నారు. సరేనని ఇవాళ "ఐ సెంట్ ద ఫైల్, ప్లీజ్ చెక్" అని రాస్తే, ఇక్కడ హావ్ ఉండాలట! తెలుగులో రెండూ "పంపాను" అనే కదా.

నీలిసిరా:
ఇప్పుడే జరిగితే హావ్ పెట్టాలి, ఎప్పుడో జరిగితే అక్కర్లేదు. మాకు స్కూల్లో అలాగే చెప్పారు.

గోడగడియారం:
ఆ సూత్రమే నన్ను ఏళ్ళ తరబడి ముంచింది. "ఐ సా హిమ్ ఎ మినిట్ అగో". నిమిషం క్రితమే, అయినా హావ్ లేదు. "పీపుల్ హావ్ లివ్డ్ హియర్ ఫర్ థౌజండ్స్ ఆఫ్ ఇయర్స్". వేల ఏళ్ళ సంగతి, అయినా హావ్ ఉంది. చూడాల్సింది చెప్పిన టైమ్ అయిపోయిందా లేదా అని. నిన్న, 2019లో, రెండు రోజుల క్రితం, నా చిన్నప్పుడు... ఇవన్నీ అయిపోయినవి, వీటి పక్కన హావ్ పెట్టకూడదు. "వెన్ హావ్ యు కమ్?" తప్పయ్యేదీ అందుకే. "దిస్ మార్నింగ్" మాత్రం గడియారాన్ని బట్టి మారుతుంది. పొద్దున పదింటికైతే "ఐ హావ్ మేడ్ టూ కాల్స్ దిస్ మార్నింగ్", సాయంత్రానికి ఒట్టి "మేడ్".

ఇంటర్వ్యూ బాధితుడు:
నా అనుభవం వినండి. అప్పటికి చేస్తున్న ఉద్యోగం గురించే "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫోర్ ఇయర్స్" అన్నాను. ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడ రాసుకుంటున్నదల్లా పెన్ను ఆపి "వై డిడ్ యు లీవ్?" అంది. నేనెక్కడ మానేశాను! టెన్షన్లో "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫోర్ ఇయర్స్" అని ఇంకో తప్పు చేశాను. "నాలుగేళ్ళుగా చేస్తున్నాను" అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించేశానన్నమాట. "హావ్ వర్క్‌డ్" అనుంటే గొడవే లేదు.

అనువాదకురాలు:
తెలుగులో ఈ తేడా బొత్తిగా లేదనకండి. "వాడేడీ?" అంటే "లైబ్రరీకి వెళ్ళాడు" అంటాం, ఇంకా రాలేదని. అది "హి హాజ్ గాన్". "వెళ్ళొచ్చాడు" అంటే "హి హాజ్ బీన్". నేనైతే వాక్యంలో "ఇంతవరకూ" పెట్టి చూస్తాను. "ఆ సినిమా చూశావా?" దగ్గర ఇముడుతుంది, కాబట్టి "హావ్ యు సీన్". "నిన్న చూశావా?" దగ్గర ఇమడదు, కాబట్టి "డిడ్ యు సీ". అన్నిచోట్లా పనిచేయదు గానీ చాలాసార్లు గట్టెక్కిస్తుంది. "చూసియున్నాను" అని నేర్పే పద్ధతి మాత్రం దండగ, అలా మాట్లాడేవాళ్ళే లేరు.

నీలిసిరా:
మరి అమెరికన్ సీరియళ్ళలో "డిడ్ యు ఈట్ యెట్?" అంటుంటారుగా?

గోడగడియారం:
జస్ట్, ఆల్రెడీ, యెట్ ఉన్నప్పుడు అమెరికాలో రెండూ నడుస్తాయి. బ్రిటిష్ వాళ్ళు హావ్ వైపే మొగ్గుతారు. "హావ్ సెంట్ యెస్టర్‌డే" మాత్రం రెండుచోట్లా తప్పే.

రెండో బెంచీ:
ఇవాళ్టి మెయిల్లో టైమ్ చెప్పలేదు, పైగా ఫైల్ ఇప్పుడు చూడమంటున్నాను. అందుకా హావ్! ఇప్పుడే ఇంకోటి పంపాను: "ఐ హావ్ ఫిక్స్‌డ్ ద ఎర్రర్స్. ఐ ఫౌండ్ దెమ్ లాస్ట్ నైట్."

ఇంటర్వ్యూ బాధితుడు:
రెండూ కరెక్టే. ఈసారి తప్పు పడితే స్పెల్లింగ్‌లోనే పట్టాలి.