నైట్ షిఫ్ట్‌కి విల్లింగా అని అడిగితే ఏమని చెప్పాలి?

సత్యవేడు అన్న:
మా తమ్ముడు డిప్లొమా అయిపోయి శ్రీసిటీలో ఇంటర్వ్యూకి వెళ్తున్నాడు. నైట్ షిఫ్ట్ చేస్తావా, వేరే ఊరికి వెళ్తావా అని తప్పకుండా అడుగుతారంట. 'ఐ యామ్ రెడీ' అంటే సరిపోతుందా, 'విల్లింగ్' అనాలా? తెలుగు మీడియం పిల్లోడు, బాగా టెన్షన్ పడుతున్నాడు.

పలమనేరు టీచర్:
రెడీ అంటే తయారుగా ఉన్నానని. విల్లింగ్ అంటే ఒప్పుకుంటున్నానని. వాళ్లు అడిగేది ఒప్పుకుంటాడా లేదా అనే కాబట్టి 'ఐ యామ్ విల్లింగ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్' అనమను. 'టు' తర్వాత వర్క్ అనే రావాలి, వర్కింగ్ కాదు. కాకపోతే ఆ మాట కొంచెం ఆఫీసు కాగితంలా ఉంటుంది. ప్రమోషన్ వద్దనుకునే టీచర్లు 'నాట్ విల్లింగ్' అని రాసిస్తారు చూడు, అట్లా. ఇష్టంగా చేస్తానని తెలియాలంటే 'ఐ వుడ్ బీ హ్యాపీ టు' బాగుంటుంది.

తిరుపతి లాడ్జి రిసెప్షన్:
'ఐ డోంట్ మైండ్' కూడా వాడొచ్చు. దాని తర్వాత మాత్రం వర్కింగ్ అనే రావాలి. కానీ అది అభ్యంతరం లేదన్నంతవరకే, ఉత్సాహం కనపడదు. అన్నిటికంటే 'వుడ్ యూ మైండ్' అని అడిగినప్పుడు జాగ్రత్త. మా దగ్గర ఒక గెస్టు దర్శనం నుంచి వచ్చేవరకు బ్యాగులు ఉంచుతారా అని అట్లానే అడిగారు. కొత్తగా చేరిన అబ్బాయి మర్యాదగా 'యెస్ సార్' అన్నాడు. అభ్యంతరం ఉందన్నట్టు అర్థమై ఆయన బ్యాగులు ఎత్తుకుని వెళ్లిపోయారు. 'నాట్ ఎట్ ఆల్' అనుంటే సరిపోయేది.

చిత్తూరు నుంచి:
నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. దయచేసి అన్నిటికీ విల్లింగ్ అనొద్దు. చేరాక కుదరదని వెళ్లిపోయే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది, అప్పటికి వాళ్ల చేతిలో ఇంకో ఆఫర్ కూడా ఉండదు. ఎంతవరకు చేయగలడో ముందే చెప్పమనండి. నిజం చెప్పినందుకు నేనెవరినీ తీసెయ్యలేదు.

సత్యవేడు అన్న:
షిఫ్టుకి వాడికి ఇష్టమే. ఊరు మారడమంటే మాత్రం చెన్నై వరకే అంటున్నాడు. అది ఎట్లా చెప్పాలక్కా?

పలమనేరు టీచర్:
'ఐ యామ్ విల్లింగ్ టు రీలొకేట్ టు చెన్నై.' చాలు. బెంగళూరు అని అడిగితే, ఇంట్లో మాట్లాడి రేపు చెప్తానని తెలుగులోనే చెప్పినా తప్పులేదు.