ఆఫీస్ సిస్టంలో ఇంట్రానెట్ (కంపెనీ లోపలి నెట్‌వర్క్), నెట్ రెండూ ఒకేసారి రావాలంటే ఏం చెయ్యాలి?

స్టోర్స్ బాబు:
అందరికీ నమస్తే. మాది అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీ, నేను స్టోర్స్‌లో డిస్పాచ్ చూస్తా. ల్యాన్ కేబుల్ పెడితే కంపెనీ ఈఆర్‌పీ (స్టాకు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్) ఓపెన్ అవుద్ది, నెట్ రాదు. నెట్ కోసం ఆఫీసోళ్ళే ఒక వైఫై డాంగిల్ ఇచ్చారు. 50 వేలు దాటిన సరుకు బయటికెళ్ళాలంటే ఈ-వే బిల్లు తియ్యాలి కదా, ఈఆర్‌పీలో ఇన్వాయిస్ చూసుకుని కేబుల్ పీకి వైఫై ఆన్ చేసి పోర్టల్లో కొట్టి మళ్ళీ కేబుల్ పెట్టి, రోజుకి పాతికసార్లు ఇదే పని, కేబుల్ క్లిప్పు విరిగిపోతే టేప్ వేసి నడిపిస్తన్నా, అవతల గేటు దగ్గర లారీ అతను హారన్ ఆపడు. రెండూ కలిపి పెడితే ఒక్కోసారి ఈఆర్‌పీ వచ్చి నెట్ పోద్ది, ఒక్కోసారి రివర్స్. విండోస్ 10. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గిగాబిట్ గాజువాక:
సింపుల్ బ్రో, నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో రెండు అడాప్టర్లూ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి బ్రిడ్జ్ పెట్టెయ్.

పాత అడ్మిన్:
బాబూ, ఆ బ్రిడ్జ్ జోలికి మాత్రం వెళ్ళకు. రెండు నెట్‌వర్కుల్నీ కలిపి ఒకటి చేసేస్తుంది అది, కంపెనీ లోపలిదంతా డాంగిల్‌కి అప్పగించినట్టే.

నీ గొడవంతా డీఫాల్ట్ గేట్‌వేది. దారి తెలియని ప్రతిదాన్నీ సిస్టం గేట్‌వేకి తోసేస్తుంది, నీకేమో రెండున్నాయి. మెట్రిక్ అని ఒక నంబర్ ఉంటుంది, అది ఏ కనెక్షన్‌కి తక్కువుంటే దాని గేట్‌వేకే వెళ్తుంది. ఆటోమేటిక్‌లో ఉంటే లింక్ స్పీడుని బట్టి విండోసే ఆ నంబర్ వేసుకుంటుంది, వైఫై స్పీడు మారితే అదీ మారొచ్చు, అందుకే నీకు పూటకో రకంగా ఉంది.

ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి ల్యాన్ గేట్‌వే చూడు. అది 10.20.5.1 అనుకుందాం. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి: రూట్ మైనస్ పీ యాడ్ 10.0.0.0 మాస్క్ 255.0.0.0 10.20.5.1 (ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి, మైనస్ పీ మర్చిపోతే రీస్టార్ట్ చెయ్యగానే పోద్ది). తర్వాత ఒక్కో అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 అడ్వాన్స్‌డ్‌లో ఆటోమేటిక్ మెట్రిక్ టిక్కు తీసి వైఫైకి 10, ల్యాన్‌కి 50 పెట్టు. ఇక 10తో మొదలయ్యే ఐపీలకి (నెట్‌వర్క్‌లో సిస్టంల అడ్రస్ నంబర్లు) వెళ్ళేవన్నీ కేబుల్లో పోతాయి, మిగతావి డాంగిల్లో. డాంగిల్ కూడా 10తో మొదలయ్యే ఐపీ ఇస్తుంటే మాత్రం రెండూ కొట్టుకుంటాయి, అది చూసుకో.

ఇదంతా మీ ఐటీ వాళ్ళని అడిగాకే సుమా. మెయిల్లో అడుగు, నోటిమాట పనికిరాదు.

స్టోర్స్ బాబు:
గురువుగారూ నెట్ ఆగట్లేదు!! కానీ ఈఆర్‌పీ పేరు కొడితే రావట్లేదు, ఐపీ కొడితే వస్తంది. మెయిల్ ఇంకా పెట్టలేదు, పెడతా.

పాత అడ్మిన్:
అడిగాక చెయ్యమంటే చేసి అడుగుతానంటావ్. అది డీఎన్ఎస్ (పేరు చెప్తే ఐపీ చెప్పే ఏర్పాటు) గొడవ. ఆ పేరు కంపెనీ లోపల సర్వర్‌కే తెలుసు, నీ సిస్టం వెళ్ళి డాంగిల్ని అడుగుతోంది. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టం32, డ్రైవర్స్, ఈటీసీ లోపల హోస్ట్స్ ఫైల్ ఉంటుంది, నోట్‌ప్యాడ్‌ని అడ్మిన్‌గా తెరిచి ఐపీ, పక్కన పేరు రాసి సేవ్ చెయ్. సర్వర్ ఐపీ మారిన రోజు మళ్ళీ మార్చుకోవాలి.

నైట్ షిఫ్ట్:
మా దగ్గర కేబుల్ పెడితే వైఫై దానంతటదే కట్ అయిపోద్ది, గ్రూప్ పాలసీలో (ఐటీ వాళ్ళు అన్ని సిస్టంలకీ ఒకేసారి పెట్టే సెట్టింగ్) పెట్టేశారు. మీకు కట్ అవ్వట్లేదంటే అనుమతి ఉన్నట్టు కాదు, ఇంకా ఎవరూ చూడలేదంతే. మా అకౌంట్స్‌లో ఒకాయన ఇలాగే ఫోన్ నెట్ కలిపి వాడుతుంటే ఆడిట్‌లో దొరికాడు, వారం పాటు సంజాయిషీలు రాశాడు పాపం. డాంగిల్లోంచి ఏదైనా వైరస్ మీ సిస్టంకి ఎక్కితే పక్కనే ఈఆర్‌పీ సర్వర్ కదండీ.

స్టోర్స్ బాబు:
అప్‌డేట్. నైట్ షిఫ్ట్ గారు చెప్పింది చదివి భయమేసి అప్పటికప్పుడే మెయిల్ పెట్టా. ముందు తిట్టారు. తర్వాత ల్యాన్ మీదే ప్రాక్సీ (మధ్యలో ఉండి బయటి సైట్లకి దారిచ్చే సర్వర్) ఇచ్చి ఈ-వే బిల్లు, జీఎస్టీ పోర్టల్స్ రెండే ఓపెన్ చేశారు. ఇప్పుడు కేబుల్ పీకే పనే లేదు. డాంగిల్ మాత్రం పట్టుకుపోయారు, భోజనం టైంలో క్రికెట్ స్కోర్ చూసుకోడానిక్కూడా లేదు 😭 ఆ రూట్ తీసెయ్యమన్నారు, ఎలా?

పాత అడ్మిన్:
రూట్ డిలీట్ 10.0.0.0 కొట్టు. మెట్రిక్ మళ్ళీ ఆటోమేటిక్ చెయ్, హోస్ట్స్‌లో రాసిన లైను చెరిపెయ్. కొత్త కేబుల్ కూడా ఇప్పుడే అడుగు, టేపుతో ఎన్నాళ్ళు.